ఎవరికి అర్థమైతే చాలు?

సంపాదకులకు నమస్కారం.

రాతలో అక్షరదోషాల ప్రస్తావన వచ్చినప్పుడల్లా మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. ఎదుటివారి తప్పు దొరికితే చాలు, నలుగురిలో పెట్టి నవ్వే జట్టు ఒకటి. ‘అర్థమైంది కదా, ఇక ఒత్తులూ దీర్ఘాలూ పట్టుకుని వేలాడటం ఎందుకు?’ అనే జట్టు ఇంకొకటి. చదివేది కళ్లతోనే అన్న నమ్మకం మాత్రం ఇద్దరికీ ఉమ్మడి ఆస్తి. నాకు పుట్టుకతోనే చూపు లేదు. కళాశాలలో చరిత్ర చెబుతాను. విద్యార్థుల వ్యాసాలు, కార్యాలయ ఉత్తర్వులు, బంధువుల సందేశాలు, ఆఖరికి మీ పత్రిక కూడా స్క్రీన్ రీడర్ చదివి వినిపిస్తేనే నాకు చేరతాయి. ఈ వాదంలో మాలాంటివారి మాట ఎక్కడా వినిపించదు కాబట్టి ఈ ఉత్తరం.

కళ్లున్న పాఠకులు సగం తప్పులను గమనించకుండానే దాటిపోతారని నా సహోద్యోగులు చెబుతారు. మాట ఆకారం కనిపించగానే మనసు సరైన మాటను తెచ్చి అక్కడ పెట్టుకుంటుందట. యంత్రానికి అంత ఔదార్యం లేదు. రాసింది రాసినట్టు చదువుతుంది. ఆ మధ్య కంటి సంరక్షణ గురించి ఒక ప్రకటన నా ఫోనుకు వచ్చింది. ‘రోజూ కల్లు శుభ్రంగా కడుక్కోండి, ఏటా తప్పకుండా కల్లు పరీక్ష చేయించుకోండి’ అని ఫోను ఎంతో గంభీరంగా వినిపించింది. ఆ రెండో పని ఆబ్కారీ శాఖవారిది కదా! పంపినవారికి ఈ సంగతి చెబితే, ‘మీకు తెలిసింది కదా మేడం’ అన్నారు. తెలిసింది, నవ్వుకున్నాను కూడా. ఆ నిర్లక్ష్యం మందుల చీటీలోనో పరీక్ష సూచనల్లోనో దొర్లితే నవ్వుకునే వీలుండదు.

ఇంతకన్నా నన్ను ఎక్కువగా విసిగించేవి కంటికి ఆనని తప్పులు. దుఃఖం, అంతఃపురం, పునఃప్రారంభం వంటి మాటల్లో విసర్గ ఉండాలి. కీబోర్డులో దాన్ని వెతుక్కునే ఓపిక లేక చాలామంది అక్కడ కోలన్ కొట్టేస్తారు. ఒకటి రెండు చిన్న సున్నాలు, ఇంకొకటి రెండు చుక్కలు. చూసేవారికి పెద్ద తేడా అనిపించదు. నా యంత్రానికి మాత్రం కోలన్ దగ్గర మాట అయిపోయినట్టే. ‘దు’ అని ఆగి, ‘ఖం’ అని కొత్తగా మొదలుపెడుతుంది. అప్పుడు నేను బాణం మీట నొక్కుతూ వెనక్కి వెళ్లి, ఒక్కో అక్షరం చదివించుకుని, అసలు మాట ఏమిటో తేల్చుకోవాలి. పూర్ణానుస్వారం సంగతి మరీ చోద్యం. అక్షరం పక్కన పెట్టే సున్న బదులు తెలుగు అంకెల్లోని సున్నాను కొట్టేవారున్నారు. చూడటానికి రెండూ గుండ్రంగానే ఉంటాయట. కంప్యూటర్లు అక్షరాలను గుర్తుపట్టే సంకేతాల పట్టిక అయిన యూనికోడ్‌లో మాత్రం అవి వేర్వేరు. అందుకే నా ఫోను ‘పుస్తక సున్నా’, ‘గ్రామ సున్నా’ అని చదువుకుంటూ పోతుంది. ఇది చూపు లేనివారి గొడవే అనుకోకండి. ఒక విద్యార్థి పంపిన పెద్ద వ్యాసంలో ‘అంతఃపురం’ అన్న మాట ఎక్కడెక్కడ వచ్చిందో వెతకబోతే ఒక్క చోటా దొరకలేదు. వ్యాసం రాసిందే ఆ విషయం మీద! అన్ని చోట్లా కోలనే ఉంది. ఆ వెతుకులాటలో కళ్లున్నవారికైనా అదే ఫలితం.

థ, ధ తేడా కూడా ఇలాంటిదే. అచ్చులో ఆ రెండింటి మధ్య ఉన్నది కడుపులో ఒక్క చుక్క. వేలితో చదివే బ్రెయిలీలో థకారానికి 1, 4, 5, 6 చుక్కలు, ధకారానికి 2, 3, 4, 6 చుక్కలు. వేలికి అవి రెండు వేర్వేరు ఆకారాలు. చిన్నప్పుడు బ్రెయిలీతోనే అక్షరాలు దిద్దిన నాకు, ‘అర్థమైతే చాలు’ అనేవారిలో ఎక్కువమంది ‘అర్థం’ అన్న ఆ మాటనే ధకారంతో రాస్తారని తెలిసినప్పుడు కలిగిన ఆనందం ఇక్కడ దాచుకోను.

ఈ మధ్య మరో కొత్త అలవాటు వచ్చింది. మీటలు నొక్కే పని లేకుండా ఫోనుకు మాటలు చెప్పి రాయించుకుంటున్నారు. తప్పేమీ లేదు, నేనూ అలాగే చేస్తాను. అయితే చెప్పినదాన్ని ఒకసారి సరిచూసుకోకుండా పంపేస్తున్నారు. ఎక్కడా చుక్క ఉండదు, కామా ఉండదు. ‘సమావేశం రేపు లేదు ఎల్లుండి ఉంది’ లాంటి వాక్యాలు పది కలిపి యంత్రం ఒకే ఊపిరిలో చదివేస్తే ఏది ఎప్పుడో తేల్చుకోవడానికి మళ్లీ వినాలి.

ఇక నవ్వేవారి సంగతి. మా విద్యార్థుల బృందంలో ఒక అబ్బాయి ‘శాసనం’ను సకారంతో రాశాడు. వాళ్ల ఇంట్లో చదువుకున్న మొదటి తరం అతనిదే. ఇంకొకడు దాన్ని పట్టుకుని అందరి ముందూ ఆట పట్టించాడు. ఆ అబ్బాయి మళ్లీ అక్కడ ఒక్క ముక్క రాయలేదు. అతని జవాబుపత్రాలు నాకు తెలుసు, విషయం గట్టిగా ఉంటుంది. అతని సకారం దగ్గర నా చెవి ఒక్క క్షణం తడబడుతుంది, అంతే. నవ్వినవాడి వ్యాసంలో కోలన్లు తీయించడానికి నాకు ఒక సాయంత్రం పట్టింది. తెలియక రాసినదాన్ని దిద్దడం మా ఉపాధ్యాయుల పని. తెలిసీ పట్టించుకోనివారి మీదే నా ఫిర్యాదు. ‘వ్రాశాను’ అన్నా ‘రాశాను’ అన్నా, తమ ప్రాంతపు పలుకుబడిలో రాసినా నా యంత్రం హాయిగా చదువుతుంది. వాటిని తప్పుల్లో జమకట్టే పెద్దలతో నాకు పేచీయే.

ఈ వాదంలోకి గిడుగు రామమూర్తిగారిని లాగేవారు కూడా ఉన్నారు. ఏటా ఆగస్టు 29న ఆయన జయంతికి తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటూ, ‘వ్యాకరణం వద్దన్న మహానుభావుడు’ అని పొగుడుతారు. ఆయన కాదన్నది వాడుకలో లేని గ్రాంథికాన్ని పిల్లల నెత్తిన రుద్దడాన్ని. వాడుక భాషకూ దాని నియమాలు దానికి ఉన్నాయని వాదించిన మనిషి. సవర గిరిజనుల మధ్య తిరిగి, వారి భాషకు 1931లో వ్యాకరణం వెలువరించినవారికి నియమాలంటే చిన్నచూపు ఎలా ఉంటుంది? అన్నట్టు, పర్లాకిమిడిలో ఆయన కూడా చరిత్ర చెప్పిన మేష్టారే.

పాఠకులు చేయగలిగిన పని ఒకటుంది. ముఖ్యమైన సందేశం పంపేముందు దాన్ని ఒకసారి మీ ఫోను చేత చదివించుకుని వినండి. ఆ సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. మీ కన్ను క్షమించేసిన తప్పులు చెవికి దొరుకుతాయి.

సంపాదకులకు ఒక విన్నపం. మీ అంతర్జాల సంచికలో కూడా ‘పునః’ పక్కన కోలన్ తరచుగా తగులుతోంది. అలాంటివన్నీ ఒక్కసారిగా వెతికి మార్చే వీలు మీ కంప్యూటర్లలో ఉంటుంది. ఈ ఉత్తరంలోని విసర్గలన్నీ అసలు విసర్గలే. ప్రచురించేటప్పుడు దయచేసి వాటిని అలాగే ఉంచండి.

ఇట్లు,
ఒక చరిత్ర అధ్యాపకురాలు