ఆట సరే, బాధ్యత ఎవరిది?

సంపాదకులకు నమస్కారం.

కోవిడ్ వల్ల 2020 ఆగస్టు 11న కాలేజీ ఫుట్‌బాల్‌ను వాయిదా వేసిన బిగ్ టెన్ కాన్ఫరెన్స్ (అమెరికాలో కొన్ని పెద్ద యూనివర్సిటీల క్రీడా కూటమి), సెప్టెంబర్ 16న మాట మార్చి అక్టోబర్ చివర్లో ఆటలు మొదలుపెడతామంది. మా అబ్బాయి ఇక్కడే ఒహాయోలో చదువుతున్నాడు, వాడి క్లాసులు చాలావరకు ఆన్‌లైన్‌లోనే. గదిలో దూరదూరంగా కూర్చోవడమే ప్రమాదమైతే, ఒకరి మీద ఒకరు పడి గుద్దుకునే ఈ ఆట (అమెరికన్ ఫుట్‌బాల్, మన ఫుట్‌బాల్ కాదిది) ఎలా క్షేమం?

రోజూ టెస్టులు, పాజిటివ్ వస్తే కనీసం 21 రోజులు ఆటకు దూరం, గుండె పరీక్షలు అంటున్నారు. మంచిదే. నా టెన్షన్ బాధ్యత గురించి. రిస్క్ తెలుసంటూ వేసవిలో కొన్ని యూనివర్సిటీలు ఆటగాళ్లతో సంతకాలు చేయించుకున్నాయి. హక్కులు వదులుకోమని బలవంతపెట్టకూడదని, కోవిడ్ వైద్యం ఖర్చు కాలేజీలే భరించాలని ఆగస్టులో కాలేజీ క్రీడల జాతీయ సంస్థ ఎన్‌సీఏఏ చెప్పింది. కానీ చదువు ముగించి వెళ్లిపోయిన కుర్రాడికి ఐదేళ్ల తర్వాత గుండె జబ్బు బయటపడితే? దానికి కారణమైన కోవిడ్ మైదానంలోనే అంటిందని కోర్టులో నిరూపించడం ఎవరి తరం? వీళ్లు ఉద్యోగులు కారు. కార్మికులకు దక్కే నష్టపరిహారం వీళ్లకు లేదు. టీవీ డబ్బు మాత్రం యూనివర్సిటీలకు వెళ్తుంది.

ఆడతామని చాలామంది పిల్లలే అడుగుతున్నారు, నిజమే. ఇరవై ఏళ్ల వయసులో ఎవరు వద్దంటారు? ఆడించేవాళ్లు చదువయ్యాక కూడా వైద్యం బాధ్యత మాదేనని కాగితం మీద రాసివ్వాలి. అది రాసివ్వలేకపోతే ఈ ఏడాది ఆట ఆపాలి.

– ఒక తెలుగు తండ్రి, కొలంబస్, ఒహాయో, సెప్టెంబర్ 2020