యుద్ధం ఆట ముందు కాగితం మీద నేర్పండి

సంపాదకుడు గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ పేపర్లో పిల్లల కంప్యూటర్ ఆటల మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. గంటల కొద్దీ తుపాకులు పేల్చే ఆటల గురించి రాసింది నిజమే, కాదనను. కానీ యుద్ధం పేరున్న ఆటలన్నిటినీ ఒకే గాటన కట్టేయడం సరికాదండీ. మ్యాపు మీద సైన్యాలను నడుపుతూ, బలాబలాలు లెక్క కట్టుకుంటూ, ఒక్కో ఎత్తుకు పది నిమిషాలు ఆలోచించే వార్‌గేమ్‌లు వేరే ఉన్నాయి. నేనూ, తొమ్మిదో తరగతి చదివే మా అబ్బాయీ మూడేళ్లుగా అవే ఆడుతున్నాం, ముందు బోర్డు మీద, ఇప్పుడు కంప్యూటర్లో. ఈ వరుస తప్పితే అసలు సంగతి పిల్లలకు అందదని చెప్పడానికే ఈ ఉత్తరం.

మన సీమ వాళ్లకు ఇలాంటి ఆట కొత్త కాదు. పాత గుడి మండపాల బండల మీద చెక్కిన పులి-మేక గీతలు చాలామంది చూసే ఉంటారు. ఒకవైపు 3 పులులు, ఇంకోవైపు 15 మేకలు. బలాలు సమానం కావు, గెలిచే దారీ ఒకటి కాదు, పులి మేకల్ని తినాలి, మేకలు పులిని కదలకుండా కట్టెయ్యాలి. వార్‌గేమ్ కూడా అంతే. అమెరికాలో చార్లెస్ రాబర్ట్స్ 1954లో టాక్టిక్స్ అనే ఆట అచ్చు వేసి అమ్మాడు, తర్వాత ఆయన నడిపిన అవలాన్ హిల్ కంపెనీ 1961లో చదరపు గళ్లు తీసేసి తేనెపట్టు గదుల్లాంటి ఆరు మూలల గళ్లు తెచ్చింది. వాటినే హెక్స్ అంటారు. చదరపు గళ్లలో మూలకు జరిగితే ఎక్కువ దూరం పోయినట్టు, హెక్స్‌లో ఎటు జరిగినా దూరం ఒకటే.

మేము మొదలుపెట్టింది బ్యాటిల్ ఫర్ మాస్కోతో. ఫ్రాంక్ చాడ్విక్ కొత్తవాళ్ల కోసం చేసిన చిన్న ఆట, 1986 నాటిది, ఉచితంగా దింపుకుని ప్రింట్ తీసుకోవచ్చు. మ్యాపు జిరాక్స్ షాపులో కలర్ ప్రింట్ తీయించాం. కౌంటర్లకు, అంటే మ్యాపు మీద జరిపే సైన్యం ముక్కలకు, గట్టి అట్ట ఎక్కడ దొరుకుతుందా అని చూస్తుంటే మా ఆవిడ పాత శుభలేఖల కట్ట తెచ్చి ఇచ్చింది. వాటి మీద అంటించి, బరువు పెట్టి ఒక రాత్రి ఆరబెట్టి, స్కేలు పెట్టి బ్లేడుతో కోశాం. ఒక్కో ముక్క మీద రెండు అంకెలు, ఒకటి బలం, ఒకటి నడక. నియమాలు నేను లాంగ్ నోట్‌బుక్కులో తెలుగులో రాసుకున్నాను, రాస్తుంటేనే సగం అర్థమైపోయాయి.

ఆటలో కథ రెండో ప్రపంచ యుద్ధానిది, 1941 అక్టోబర్‌లో జర్మన్లు మాస్కో మీదికి పోతారు. జర్మన్ల వైపు ఆడిన మావాడు మొదటి రెండు టర్నుల్లో, అంటే మొదటి రెండు వంతుల్లో, దూసుకుపోయాడు, తర్వాత బురద వచ్చింది, సైన్యం ఎక్కడిదక్కడ నిలిచిపోయింది. "ఇంత బురదేంది నాన్నా" అన్నాడు. వానాకాలంలో మన ఆదోని, ఆలూరు వైపు నల్లరేగడి చేలల్లో ట్రాక్టరు దిగబడితే ఎట్లుంటుందో గుర్తు చేశాను. వాడికి చప్పున వెలిగింది.

దాడి చెయ్యాలంటే మన బలాన్ని ఎదుటివాడి బలంతో భాగించాలి, ఎన్నింతలు ఎక్కువుంటే గెలుపు అంత దగ్గర. మనది 12, ఎదుటివాడిది 4 అయితే మూడింతలు. మనది 11 అయితే రెండింతల కిందే లెక్క, మిగిలిన 3 వృథా. ఆ ఒక్క పాయింటు కోసం మ్యాపంతా వెతికి ఇంకో దళాన్ని ఎట్లా పక్కకు తేవాలా అని మావాడు తల గోక్కోవడం చూశాను. ఇదే కంప్యూటర్లో అయితే మౌస్ పెట్టగానే ఫలితం అంచనా తెర మీద కనిపిస్తుంది, నొక్కేసి ముందుకు పోతారు. ఓడిపోతే ఎందుకు ఓడిపోయారో తెలీదు. బోర్డు మీద ఓడినవాడు ఏ టర్నులో ఏ ముక్క దగ్గర తప్పు చేశాడో వేలు పెట్టి చూపిస్తాడు.

అలాగని కంప్యూటర్ వద్దని కాదు. కర్నూలు ఎండల్లో ఫ్యాన్ వేస్తే కౌంటర్లు ఎగిరిపోతాయి, ఫ్యాన్ ఆపితే కూర్చోలేం! ఆట సగంలో ఉంటే భోజనానికి కింద చోటుండదు. విదేశం నుంచి పెద్ద ఆట తెప్పించుకుంటే ధర ఒక ఎత్తు, షిప్పింగూ కస్టమ్సూ ఇంకో ఎత్తు. నేను తెప్పించిన ఒక సెట్టులో కౌంటర్ల షీటే లేదు, అమ్మినవాళ్లు బదులు కూడా ఇవ్వలేదు, చాలా బాధపడ్డాను. అప్పుడే వాసల్ అనే ఉచిత ప్రోగ్రాం సంగతి తెలిసింది. అందులో బోర్డూ కౌంటర్లూ తెర మీద ఉంటాయి కానీ నియమాలు మనమే పాటించాలి, లెక్క మనమే కట్టాలి. బెంగళూరులో ఉన్న మా బావమరిదితో రాత్రిపూట ఆడతాను, ఇద్దరికీ తీరిక కుదరకపోతే నా టర్ను ఫైలు మెయిల్‌లో పంపితే ఆయన తర్వాత చూసుకుంటాడు. బోర్డు నుంచి వచ్చేవాళ్లు ముందు దీన్నే పట్టుకోవాలి.

ఆ తర్వాతే కంప్యూటర్ తానే ప్రత్యర్థిగా ఆడేవి. 1994లో వచ్చిన పాంజర్ జనరల్ పాతదైనా ఈ దారిలో పెద్ద పేరున్నది. 2011లో వచ్చిన యూనిటీ ఆఫ్ కమాండ్‌లో ముందుకు పోయిన దళానికి వెనక నుంచి సరఫరా అందకపోతే ఏమవుతుందో కళ్లకు కట్టినట్టు తెలుస్తుంది. పైగా శత్రువు ఎక్కడున్నాడో కనిపించదు, కాగితం మీద ఇది పెట్టడం చాలా కష్టం. మావాడు ఇప్పుడు వీటిల్లో కూడా నొక్కే ముందు ఆగి వేళ్ల మీద లెక్కేసుకుంటాడు. బోర్డు మీద పడిన అలవాటే అది.

కొత్తగా మొదలుపెట్టేవాళ్లు వందల పేజీల నియమాలుండే ఆటల జోలికి మొదట్లోనే పోవద్దు. తోడు ఎవరూ లేకపోతే రెండు వైపులా మీరే ఆడండి, సిగ్గేం లేదు, చాలామంది అట్లే నేర్చుకుంటారు.

మీ ఆదివారం పిల్లల పేజీలో పదవినోదం పక్కన ఒక చిన్న హెక్స్ మ్యాపు, పది కౌంటర్లు, అరపేజీ నియమాలు వేస్తారా? కత్తిరించుకుని ఆడుకుంటారు. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే మన ఊరి మ్యాపే గీశాను, నదులు గళ్ల అంచుల వెంట పోతాయి, దాటాలంటే ఒక టర్ను ఆగాలి. కావాలంటే ఈ వారమే పంపిస్తాను.

ఇట్లు
మీ పాఠకుడు
బి.క్యాంపు, కర్నూలు