రివర్బ్ పట్టుకుంటే రివ్యూ దొరికినట్టే

ఒరేయ్ బావా,

నువ్వు పంపిన రెండు రివ్యూలూ చదివాను. థ్రాష్ (మెరుపు వేగంతో సాగే మెటల్) ఆల్బమ్‌కీ "చీకటిగా, బరువుగా ఉంది" అన్నావు, డార్క్ ఆంబియంట్‌కీ (లయ, పాట లేకుండా నెమ్మదిగా సాగే చీకటి వాతావరణ సంగీతం) అదే ముక్క. పేర్లు తారుమారు చేసి వేసినా ఎవడూ పోల్చుకోలేడు. తిట్టడం కాదులే, మొదట్లో అందరూ అక్కడే జారతారు. ఈ రెంటినీ విడదీసేది వేగమూ కేకలూ అనుకుంటారు గానీ, అసలు కీలకం రివర్బ్‌లో, అంటే శబ్దం ఆగాక ఆ చోట మిగిలే మార్మోతలో ఉంది. శబ్దం ఎలాంటి చోట మోగుతోంది, మోగాక ఎంతసేపటికి చస్తోంది? ముందు అది విను. రాయాల్సింది దాని వెంటే వస్తుంది.

లెక్క చూడు. టెంపో 200 బీపీఎం (నిమిషానికి 200 బీట్లు), గిటార్ బీటుకి నాలుగు నోట్లు కొడుతోంది అనుకో. సెకనుకి పదమూడు పైచిలుకు, అంటే ఒక్కో నోటుకి దక్కేది 75 మిల్లీసెకన్లు. దాని మీద రెండు సెకన్ల రివర్బ్ పోశావా, రిఫ్ (గిటార్ మళ్లీ మళ్లీ వాయించే ముక్క) కాస్తా జావైపోతుంది. థ్రాష్ బ్యాండ్ స్లేయర్ 1986లో తెచ్చిన 'రెయిన్ ఇన్ బ్లడ్' అంత పొడిగా ఉండేది అందుకే. నిర్మాత రిక్ రూబిన్ రివర్బ్‌ని దాదాపు ఊడ్చేశాడు. పది పాటలూ కలిపి 29 నిమిషాలే. అందులో 'ఏంజెల్ ఆఫ్ డెత్' చివర్లో గిటార్లు ఆగిపోయి డ్రమ్మర్ డేవ్ లొంబార్డో రెండు కాళ్లతో కొట్టే డబుల్ బేస్ డ్రమ్ ఒక్కటే మోగే చోటుంది చూడు, అది హెడ్‌ఫోన్స్‌లో విను. ప్రతి దెబ్బా కత్తిరించినట్టు తెగుతుంది. "డ్రమ్మింగ్ అదిరింది" అనే బదులు ఆ తెగడం గురించి రాయి.

అలాగని పొడిగా ఉంటే చాలదు. మెటాలికా 1988 నాటి 'అండ్ జస్టిస్ ఫర్ ఆల్' కూడా పొడిదే, కాకపోతే బేస్ గిటార్ దాదాపు వినపడదు. బేస్ చాలావరకు రిథమ్ గిటార్ బాటలోనే నడుస్తుంది, మిక్సులో దాన్ని అణిచేశారు, ఇక మిగిలేది గిటార్ల గోడ, టిక్కుటిక్కుమనే కిక్ డ్రమ్. "ప్రొడక్షన్ బాలేదు" అంటే చదివేవాడికి ఏం తెలుస్తుంది? ఏ వాయిద్యం కనబడకుండా పోయింది, దాని చోటు ఏది మింగింది, అది చెప్పు.

నీ రివ్యూలో 400 బీపీఎం అని చూసి నవ్వొచ్చింది. స్నేర్ (చురుగ్గా ఠప్పుమనే డ్రమ్) దెబ్బలు 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేశావు, బాగానే ఉంది. మామూలు రాక్ బీటులో స్నేర్ బీటు విడిచి బీటు పడుతుంది గనక దాన్ని రెట్టింపు చెయ్యాలి. థ్రాష్ పరుగందుకున్నప్పుడు ప్రతి బీటుకీ పడుతుంది, అక్కడ రెట్టించకూడదు. రిఫ్ దగ్గర కుడిచెయ్యి ఎలా ఆడుతోందో కూడా గమనించు. అన్నీ కిందికే కొడితే దెబ్బలన్నీ ఒకే బరువుతో పడతాయి, కిందికీ పైకీ మార్చి కొడితే ఒకటి బరువుగా ఒకటి తేలిగ్గా ఊగుతుంది.

ఇప్పుడు రెండోదానికి వద్దాం, నువ్వు ఎక్కువ తడబడింది ఇక్కడే. డార్క్ ఆంబియంట్‌లో గదే వాయిద్యం. ఈ తరహా సంగీతకారుడు లస్ట్‌మోర్డ్ 1990 నాటి 'హెరెసీ' కోసం గుహల్లో, గనుల్లో, నేలమాళిగల్లో చేసిన రికార్డింగులు వాడాడు. ఇదే బాటలో నడిచే థామస్ కోనర్ 1993 ఆల్బమ్ 'పెర్మాఫ్రాస్ట్'కి మూలం గాంగుల (కొట్టి మోగించే పెద్ద లోహపు పళ్లేలు) మోత. కానీ గాంగు అని పోల్చుకోవడం కష్టం, దెబ్బ పోయి మూలుగు మిగులుతుంది.

నువ్వు "ఏమీ జరగదు" అని రాశావు. ల్యాప్‌టాప్ స్పీకర్లో విన్నావు కదూ? 150 హెర్ట్జ్ (సెకనుకి 150 కంపనాలు) కిందుండే లోతైన స్వరాలు వాటిలో పలికేది నామమాత్రం. 40 హెర్ట్జ్ డ్రోన్ (ఆగకుండా సాగే ఒకే స్వరం) మొత్తం ఎగిరిపోయి పైనున్న బుస ఒక్కటే నీకు దక్కింది. చెవులు మూసే హెడ్‌ఫోన్స్ పెట్టుకో, ఫ్యాన్ ఆపు. ఫ్యాన్ హోరు సరిగ్గా సన్నటి డ్రోన్ల మీదే కప్పుకుంటుంది. వాల్యూమ్ మరీ తగ్గిస్తే చెవికి ముందు మాయమయ్యేది కింది స్వరాలే, కాబట్టి ఒకచోట పెట్టి ఇక ముట్టుకోకు. ప్లేయర్‌లో క్రాస్‌ఫేడ్ (ఒక ట్రాకు చివరని తర్వాతిదాని మొదట్లో కలిపేసేది) తీసెయ్యి, లేకపోతే ట్రాకుల అతుకులు ఆల్బమ్‌వో యాప్‌వో తేలదు.

మొదటిసారి పాటల పేర్లు, కవర్ బొమ్మ చూడకుండా విను. "పాడుబడ్డ ఓడలో తిరుగుతున్నట్టుంది" అనే వాక్యాలు చాలావరకు కవర్ మీంచి వచ్చినవే. రెండోసారి కాగితం పెట్టుకుని, ఏ నిమిషానికి ఏం చేరింది, ఏం తప్పుకుంది రాసుకో. ఏదైనా గుర్తుపట్టగల చప్పుడు ఎంచుకో, నీటిచుక్క అనుకుందాం. అది 0:41, 1:29, 2:17 దగ్గర వినిపించిందంటే 48 సెకన్ల లూప్, అంటే అదే ముక్క తిరిగి తిరిగి వస్తోంది. లూప్ ఉండటం తప్పేం కాదు. కానీ పన్నెండు నిమిషాల్లో పదిహేనుసార్లు అదే చుక్క, అదే చెవిలో, అదే గట్టితనంతో పడితే గుహ కాస్తా ప్లాస్టిక్ గుహ అవుతుంది. తెలిసినవాళ్లు దాని పక్కన 53 సెకన్ల లూప్ ఇంకోటి పెడతారు. రెండూ మొదట కలిసినట్టే మళ్లీ కలవడానికి 42 నిమిషాలు దాటాలి! అలాగే డ్రోన్ రెండు సెకన్లకోసారి ఉబ్బి తగ్గుతుంటే వాల్యూమ్ మారుస్తున్నారనే అనుకోకు. 50, 50.5 హెర్ట్జ్ స్వరాలు పక్కపక్కన పెట్టినా అలాగే వస్తుంది.

రీమాస్టర్లతో (పాత రికార్డింగుకి మళ్లీ మెరుగుపెట్టి తెచ్చినవి) మాత్రం జాగ్రత్త. పాతదీ కొత్తదీ ఒకే గట్టితనానికి తెచ్చి పోల్చు, లేకపోతే గట్టిగా మోగిందే బాగున్నట్టు చెవి మోసపోతుంది. మెటాలికా 2008 ఆల్బమ్ 'డెత్ మాగ్నెటిక్'ని ఎంత గట్టిగా చేశారంటే ధ్వని అలల నెత్తులు తెగి గరగరమంటుంది. అవే పాటలు 'గిటార్ హీరో' వీడియోగేమ్‌లో ఇంకా శుభ్రంగా వినిపించాయని అప్పట్లో పెద్ద గొడవే అయింది. బాగా కుదించిన 128 కేబీపీఎస్ ఎంపీ3 విని డ్రమ్స్ సింబల్స్ నీళ్లలో మోగినట్టున్నాయని బ్యాండ్‌ని మాత్రం తిట్టకు, పాపం ఆ నేరం ఫైల్‌ది.

థ్రాష్ రివ్యూలో ఆ టెంపో ఒక్కటీ దిద్ది, రిఫ్ గురించి రెండు వాక్యాలు కలిపితే వేసెయ్యొచ్చు. ఆంబియంట్‌ది మాత్రం మొదటినుంచీ రాయాలిరా. నిమిషాలు వేసుకున్న కాగితం కూడా ఫొటో తీసి పంపు.

ఉంటా మరి.