శీనుకి ఉత్తరం: రష్యా ఎన్నికలు, నా డెస్క్ పాపాలు

ఒరేయ్ శీనూ,

నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. వరసగా నైట్ డ్యూటీలు పడ్డాయి, తిట్టుకోకు. మీ అక్క కూతురు కజాన్‌లో మెడిసిన్‌లో చేరినప్పటి నుంచి రష్యా వార్త ఒక్కటీ వదలట్లేదన్నమాట. "అక్కడ ఏ మూల ఎన్నిక జరిగినా మీ పేపర్లో పుతిన్ ఫొటోనే వేస్తారేంట్రా?" అని అడిగావు కదా, ఆ పాపంలో నాకూ వాటా ఉంది, చెప్తా విను.

2018 సెప్టెంబరు. రష్యా తూర్పు కొసన, వ్లాదివొస్తోక్ ఉండే ప్రిమోర్యే ప్రాంతంలో గవర్నర్ పదవికి రెండో విడత పోలింగ్ (అక్కడ గవర్నరంటే మన ముఖ్యమంత్రి లాంటివాడు, జనమే ఎన్నుకుంటారు). 95 శాతం లెక్కింపు అయ్యేసరికి కమ్యూనిస్టు అభ్యర్థి ఇష్చెంకో అయిదు శాతానికి పైగా ముందున్నాడని వార్తా ఏజెన్సీ కాపీ వచ్చింది. నేను ఇంకేం ఆలోచించకుండా "పుతిన్‌కు షాక్" అని కొట్టి పేజీలోకి తోసేశాను. టీ తాగి వచ్చేసరికి 99 శాతం దగ్గర అధికార పార్టీ తరాసెంకో పైకొచ్చి కూర్చున్నాడు! హెడ్డింగ్ పీకేసి "పుతిన్ పార్టీకి ఊరట" అని పెట్టాను. ఉస్సూరియ్‌స్క్‌లో (ఆ ప్రాంతంలోదే ఒక ఊరు) ఓట్లు రాత్రికి రాత్రి ఎలా మారాయని గోల లేచి, నాలుగు రోజుల్లో ఎన్నికే రద్దయింది. డిసెంబరులో మళ్ళీ పెట్టినప్పుడు ఇష్చెంకోని పోటీకే రానివ్వలేదు, సఖాలిన్ దీవి నుంచి తెచ్చిన కొజెమ్యాకో గెలిచాడు. దానికి మా పేపర్లో సింగిల్ కాలమ్ కూడా దక్కలేదు.

అసలు అక్కడి జనానికి కోపం ఎందుకంటే, ఆ ఏడే పెన్షన్ వయసు మగవాళ్ళకి 60 నుంచి 65కి పెంచుతామన్నారు. దానికి తోడు పాత మంట ఒకటుంది. వాళ్ళు నడిపేది జపాన్ నుంచి వచ్చే సెకండ్ హ్యాండ్ కార్లు, మనకి లాగే స్టీరింగ్ కుడివైపు. 2008లో వాటిమీద సుంకం పెంచితే రోడ్డెక్కారు, వాళ్ళని చితకబాదడానికి మాస్కో వైపు నుంచి పోలీసుల్ని విమానంలో దింపారు. ఇలాంటివి విదేశీ కాపీలో ఉంటే గింటే చివరి పేరాలో ఉంటాయి, పేజీ పట్టకపోతే మేం ముందు కోసేది చివరి పేరానే.

ఖబరోవ్‌స్క్ అనే పక్క ప్రాంతానిది ఇంకా పెద్ద కథ. అక్కడ అదే 2018 సెప్టెంబరులో ఫుర్గాల్ అనే ఆయన దాదాపు 70 శాతం ఓట్లతో గవర్నరయ్యాడు. 2020 జులైలో, పదిహేనేళ్ళ కిందటి హత్య కేసులని చెప్పి ఆయన్ని పట్టుకుని మాస్కో తీసుకుపోయారు. వేలకి వేల మంది వీధుల్లోకి వచ్చారు, నెలల తరబడి వస్తూనే ఉన్నారు. బయటి పత్రికలన్నీ "ప్రతిపక్ష గవర్నర్, ప్రజాస్వామ్య పోరాటం" అని రాశాయి. ఆయన పార్టీ ఏదో తెలుసా? జిరినోవ్‌స్కీది! పార్లమెంటులో ముఖ్యమైన విషయాల్లో క్రెమ్లిన్ పక్కనే నిలబడే పార్టీ. జనం ఆయన్ని చూసి మురిసింది జీతం తగ్గించుకున్నాడని, పాత ప్రభుత్వం వాడిన విలాస నౌకని అమ్మకానికి పెట్టాడని. "మేం ఎన్నుకున్నోణ్ణి తీసుకుపోవడానికి మీరెవర్రా" అన్నదే వాళ్ళ గొడవ. చివరికి 2023లో ఆయనకి 22 ఏళ్ళ శిక్ష వేశారు.

ఇంకోటి చెప్తా, నవ్వుకుంటావు. 2021లో సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో బోరిస్ విష్నెవ్‌స్కీ అనే ప్రతిపక్ష నాయకుడి మీద మరో ఇద్దరు తమ పేర్లు కూడా బోరిస్ విష్నెవ్‌స్కీ అని మార్పించుకుని నామినేషన్ వేశారు. గడ్డాలు కూడా ఆయనలాగే! ప్రపంచమంతా ఆ పోస్టర్ చూసి ముక్కున వేలేసుకుంది. మాకైతే డెస్క్‌లో ఒక్కడికీ వింతనిపించలేదురా. ఒకే ఇంటిపేరున్న డమ్మీలు మనకి కొత్తా? కారు గుర్తుకి రోడ్డు రోలర్ అడ్డం పడుతోందని మునుగోడులో ఎంత రచ్చయిందో నీకు గుర్తుందిగా. కాకపోతే మనవాళ్ళు గడ్డందాకా వెళ్ళలేదు.

విదేశీ విలేకరుల్ని మరీ తిట్టలేం కూడా. ఖబరోవ్‌స్క్‌కి మాస్కో నుంచి విమానంలో ఎనిమిది గంటలు, గడియారం ఏడు గంటలు ముందుంటుంది. కష్టపడి వెళ్ళి, వీధుల్లో నిలబడి రాసినవాళ్ళూ ఉన్నారు. 2022 తర్వాత అదీ పోయింది. సైన్యం గురించి అబద్ధాలంటూ జైల్లో వేసే చట్టం వచ్చాక చాలామంది పెట్టే బేడా సర్దుకుని దేశం వదిలి వెళ్ళిపోయారు. 2023 మార్చిలో అమెరికా విలేకరి ఇవాన్ గెర్ష్‌కోవిచ్‌ని పట్టుకున్నది మాస్కోలో కాదు, యెకాతెరిన్‌బర్గ్‌లో. గూఢచారి అని 16 ఏళ్ళు వేశారు, 2024 ఆగస్టులో ఖైదీల మార్పిడిలో బయటపడ్డాడు. ఇప్పుడు చాలా కాపీలు లాత్వియాలోని రీగా నుంచో బెర్లిన్ నుంచో ఫోన్లు చేసి రాసినవే. ఫోన్లో అవతలివాడు ఎంత చెప్తాడు? ఏటా సెప్టెంబరులో అక్కడి ప్రాంతీయ ఎన్నికలు అవగానే గవర్నర్లంతా గెలిచారని నాలుగు లైన్లొస్తాయి, నేను వాటికి పుతిన్ ఫొటో పెడతాను, ఎందుకంటే మా లైబ్రరీలో గవర్నర్ల ఫొటోలు లేవు.

మీ మేనకోడలు ఫోన్ చేసినప్పుడు ఆసక్తి కొద్దీ ఇవన్నీ తనని అడగకు. తిన్నావా, చలి ఎలా ఉంది, అంతవరకే. సెలవులకి వచ్చినప్పుడు మాత్రం నాకు కబురు పెట్టు, ఆవకాయ అన్నం తింటూ తీరిగ్గా నేనే అడుగుతాను.

నీ
సూరి