మా ఇంటికి అండగా నిలిచిన అగ్నిమాపక సిబ్బంది సంఘానికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం.

నేను ప్రకాశం జిల్లాలో అంగన్‌వాడీ టీచర్‌ను. మా ఆయన అగ్నిమాపక శాఖలో లీడింగ్ ఫైర్‌మన్. పోయిన సీజన్‌లో పొగాకు బ్యారన్ మంటలు ఆర్పబోయి తీవ్రంగా కాలిన గాయాలపాలయ్యారు. ఆయన ఆసుపత్రిలో చేరిన రాత్రి నుంచి మళ్లీ డ్యూటీలో చేరిన రోజు దాకా అగ్నిమాపక సిబ్బంది సంఘం వారు మా కుటుంబానికి చేసిన మేలును నలుగురిలో చెప్పుకోవాలని ఇది రాస్తున్నాను. తమ పేర్లు రాయవద్దని వారు అడిగారు. సర్వీసులో ఉన్నవారు కాబట్టి ఆ మాట మన్నిస్తున్నాను. వారు చేసిన పనిని మాత్రం దాచలేను.

పొగాకు పల్లెలు తెలియని వారి కోసం బ్యారన్ సంగతి కొంచెం చెప్పాలి. పొదిలి, కనిగిరి, కొండపి, టంగుటూరు వైపు వెళ్తే ఊరి చివర పొలాల మధ్య ఎత్తుగా కనిపించే గదులవే. పచ్చి ఆకును కర్రలకు కట్టి, లోపల కప్పు దాకా వరుసలుగా వేలాడదీస్తారు. బయట పొయ్యిలో కట్టెలు మండుతుంటే ఆ వేడి నేల మీదుగా వేసిన ఇనుప గొట్టాల గుండా లోపలంతా తిరుగుతుంది. దాదాపు వారం రోజులు రాత్రీ పగలూ కాపలా ఉండి, వేడిని మెల్లమెల్లగా పెంచుతూ ఆకును పండబెట్టి ఎండబెడతారు. చివరికి ఈనె కూడా ఎండాలంటే వేడి 70 డిగ్రీల దాకా పోవాలి. అప్పటికి ఆకు ముట్టుకుంటే పొడి అవుతుంది. ఒక్క కర్ర జారి నాలుగు ఆకులు గొట్టం మీద పడితే చాలు. గొట్టాల మీద ఇనుప జాలీ పరచమని రైతులకు అందుకే చెబుతుంటారు. అంటుకున్నాక తలుపు తీస్తే గాలి తగిలి మంట ఒక్కసారిగా ఎగుస్తుంది. పక్కనే కట్టెల గుట్ట, ఆ పక్కన మరో బ్యారన్, వెనక గడ్డివాములు. ఒక రైతు ఏడాది కష్టమంతా ఆ గదిలో ఉంటుంది, దాని మీద తెచ్చిన అప్పుతో సహా.

ఆ రోజు ఫైర్ ఇంజనులో వెళ్లింది ముగ్గురే. డ్రైవర్, మా ఆయన, శాఖకు కేటాయించిన ఒక హోంగార్డు కుర్రవాడు. అందులో డ్రైవర్ పంపు దగ్గర నుంచి కదలకూడదు. నీటి ఒత్తిడి పెంచడం, తగ్గించడం ఆయన పని. మిగిలింది ఇద్దరు. నీళ్లు పూర్తి ఒత్తిడితో వస్తున్నప్పుడు గొట్టం మనిషిని వెనక్కు తోస్తుంది, దాన్ని పట్టుకోవడానికే ఇద్దరు కావాలి. బండిలో పట్టే 4,500 లీటర్ల నీళ్లు నిమిషాల్లో అయిపోతాయి, మళ్లీ నింపడానికి బావో బోరో చూసుకునే మనిషి కావాలి. పొగలోకి వెళ్లాల్సి వస్తే గాలి సిలిండర్ వీపున తగిలించుకుని ఇద్దరు జంటగా వెళ్లాలన్నది ఎక్కడైనా ఉన్న నియమం.

ఆ రోజు పొగలోకి వెళ్లాల్సే వచ్చింది. పొయ్యి దగ్గర కాపలా ఉన్న కూలీ, ఆకు దక్కించుకుందామని కర్రలు లాగబోయి లోపలే చిక్కుకుపోయాడు. గాలి సిలిండర్ వేసుకోవడంలో శిక్షణ పొందినవారు బండిలో మా ఆయన ఒక్కరే. హోంగార్డు కుర్రవాడికి ఆ శిక్షణ ఇవ్వలేదు. అందుకని అతన్ని తలుపు దగ్గర గొట్టం పట్టుకోమని, ఈయన ఒక్కరే లోపలికి వెళ్లారు. కూలీని భుజం మీద వేసుకుని గడప దాటుతుండగా పై వరుస కర్రలు మండుతూ ఎడమ భుజం మీద పడ్డాయి. భుజం నుంచి మోచేయి దాకా కాలింది. వాటిని లాగిపారేయబోయి ఆ కుర్రవాడి అరచేతులు కూడా కాలాయి. కూలీ బతికాడు. ఇప్పుడు పనులకు కూడా వెళ్తున్నాడు.

మా ఆయన ఊపిరితిత్తులకు దెబ్బ తగలలేదని డాక్టర్లు చెప్పారు. అంతకు కొంతకాలం ముందే సంఘం వారు పట్టుబట్టి స్టేషనులో గాలి సిలిండర్లతో సాధన మళ్లీ మొదలుపెట్టించారట. పొగ నింపిన గదిలో, కళ్లకు ఏమీ కనిపించకుండా, గోడ తడుముకుంటూ వెళ్లి రావడం. ఆ సాధన లేకపోతే ఆ రోజు తలుపు ఎటుందో తెలిసేది కాదని ఆయనే అన్నారు. శిక్షణ కావాలని సంఘం అడిగితే సెలవులు, భత్యాల లాంటి మరో కోరిక అనుకునేవాళ్లు ఉంటారు. నా భర్త ప్రాణంతో ఇంటికి రావడానికి కారణాల్లో అదొకటి. నాగపూర్‌లోని జాతీయ అగ్నిమాపక కళాశాల దాకా వెళ్లి నేర్చుకునే అవకాశం కింది స్థాయి వారికీ దక్కాలని వారు అడుగుతుంటారు. ఆ అవకాశం ఎందరికి దక్కితే అన్ని ఇళ్లకు మేలు.

ఒంగోలు పెద్దాసుపత్రికి ముందుగా చేరుకున్నది సంఘం వారే. ఇద్దరు రక్తం ఇవ్వడానికి సిద్ధంగా వచ్చారు. ఒకరు హెల్త్ కార్డు కాగితాలు పట్టుకుని కౌంటర్ దగ్గర నిలబడ్డారు. సంఘంలో పెద్దాయన మాత్రం నా దగ్గరకు వచ్చి ఒకే ఒక్క ప్రశ్న అడిగారు. ‘‘చెల్లెమ్మా, గాయం సంగతి స్టేషను పుస్తకంలో ఈ రోజే రాశారా?’’ నాకు తెలియదన్నాను. ఆయన అప్పటికప్పుడు స్టేషనుకు ఫోను చేసి, ఏ సమయానికి, ఎక్కడ, ఏ పని చేస్తుండగా, శరీరంలో ఏ భాగానికి గాయమైందో ఒక్కొక్క మాటా చెప్పి రాయించారు. కూలీని బయటకు తెస్తుండగా అన్న మాట తప్పకుండా ఉండాలన్నారు. రాసిన పేజీని ఫోటో తీసి పంపించమని, అది వచ్చేదాకా వరండాలోనే నిలబడి ఉన్నారు. ఆ రాత్రి ఆయన అన్నం తిన్నట్లు నాకు గుర్తు లేదు.

ఆ పేజీ విలువ తర్వాత తెలిసింది. విధి నిర్వహణలో ప్రమాదవశాత్తూ గాయపడిన ప్రభుత్వ ఉద్యోగికి ప్రత్యేక వైకల్య సెలవు ఇచ్చే వీలు, ఉద్యోగుల జీతాలు, సెలవుల నిబంధనల పుస్తకమైన ఫండమెంటల్ రూల్స్‌లో ఉంది. 83, 83-ఎ నిబంధనలు. గరిష్ఠంగా 24 నెలల దాకా ఇవ్వవచ్చు, అది ఉద్యోగి సెలవుల ఖాతాలోంచి తగ్గదు. కానీ గాయం వల్ల వచ్చిన వైకల్యం మూడు నెలల్లోపు బయటపడి ఉండాలి, జరిగిన సంగతిని ఆలస్యం లేకుండా పై అధికారులకు తెలియజేసి ఉండాలి, వైద్యుల ధ్రువపత్రం ఉండాలి. స్పృహ లేకుండా పడి ఉన్న మనిషి ఆలస్యం లేకుండా తెలియజేయడం ఎలా సాధ్యం? పక్కన ఎవరో ఒకరు నిలబడాలి. మాకు సంఘం నిలబడింది.

జరిగింది మాత్రం నేరుగా జరగలేదు. జీతాల బిల్లు చేసే చోట మామూలు జ్వరానికి పెట్టినట్లు కమ్యూటెడ్ సెలవు కింద రాసేశారు. అంటే ఖాతాలో ఉన్న అర్ధ జీతపు సెలవులను పూర్తి జీతపు సెలవుగా మార్చి వాడుకోవడం. అర్ధ జీతపు సెలవులు ఏడాదికి 20 రోజులే జమ అవుతాయి. పూర్తి జీతం కోసం వాటిని వాడుకుంటే ఒక్క రోజుకు రెండు రోజులు ఖర్చు. పండగలకూ పెళ్లిళ్లకూ రాకుండా ఏళ్ల తరబడి మిగుల్చుకున్న సెలవులు కళ్ల ముందే కరిగిపోయాయి. తర్వాత సగం జీతం వచ్చింది. ఆ తర్వాత అదీ ఆగింది. అబ్బాయి కాలేజీ ఫీజు కట్టే నెల అది. మంటల్లోంచి మనిషిని మోసుకొచ్చినందుకు జీతం ఆగడమా అని నేను ఏడ్చిన మాట నిజం.

సంఘం వారు ఎవరినీ దూషించలేదు. స్టేషను పుస్తకం నకలు, ఆసుపత్రి కాగితాలు, వైద్యుల ధ్రువపత్రం, నిబంధన ఉన్న పేజీ కలిపి అర్జీ తయారు చేశారు. ఒక బల్ల మీద నుంచి ఇంకో బల్ల మీదకు ఫైలు కదిలే ప్రతిచోటా వెంట ఉన్నారు. డ్యూటీ దిగి, నిద్ర మానుకుని, సొంత బస్సు ఖర్చులతో వచ్చేవారు. ఒక అధికారి ఈ నిబంధన పోలీసులకే కదా అంటే, ప్రభుత్వ ఉద్యోగులందరికీ అని పుస్తకం తెరిచి చూపించారు. ఆ అధికారి కూడా చదివి, సరేనని సంతకం పెట్టారు. ఆయనకూ నా నమస్కారాలు. ఉత్తర్వు వచ్చింది. పోయిన సెలవులు ఖాతాలో తిరిగి జమ అయ్యాయి, ఆగిన జీతం బకాయిలతో సహా అందింది.

సంఘం అంటే ఏమిటో నాకు మా సమ్మెలోనే తెలుసు. 2023 డిసెంబర్ 12న మొదలుపెట్టి రాష్ట్రమంతా అంగన్‌వాడీలం 42 రోజులు రోడ్డు మీద కూర్చున్నాం. అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టం ప్రయోగించినా లేవలేదు. మా ఆయన తోటివారికి ఆ దారి లేదు. వాళ్లు ఒక్క గంట కూర్చుంటే ఆ గంటలో ఎవరి ఇల్లో కాలిపోతుంది. 101కు ఫోను రాగానే ఉన్న కోపం, వాడుకోని సెలవులు వెనక్కి ఇచ్చినందుకు రావలసిన సరెండర్ లీవు డబ్బులు, డీఏ బకాయిలు అన్నీ అక్కడే వదిలేసి బండి ఎక్కాల్సిందే. అలాంటివారి దగ్గర మిగిలే బలం అర్జీ, నిబంధన, ఓర్పు. బండి ఒక్కసారి కూడా ఆపకుండా హక్కు కోసం పోరాడటం ఎంత కష్టమో, సమ్మెలో కూర్చున్న మనిషిగా నేను ఊహించగలను.

సిబ్బంది కొరత గురించి వారు అడిగేదంతా నేను ఆ ముగ్గురు మనుషుల్లోనే చూశాను. పట్టణాల్లో ఐదు నుంచి ఏడు నిమిషాల్లో, పల్లెల్లో 20 నిమిషాల్లో బండి చేరాలని కేంద్ర స్థాయిలో అగ్నిమాపక సలహా మండలి చెప్పిన లెక్క ఉంది. ఆ సమయానికి బండి చేరినా, దిగేవాళ్లు ఇద్దరైతే ఏం చేస్తారు? 2023లో కేంద్రం రాష్ట్రాల అగ్నిమాపక సేవల ఆధునికీకరణకు రూ.5,000 కోట్ల పథకం పెట్టింది. మంచిదే. కొత్త బండ్లతో పాటు వాటిలో ఎక్కే మనుషులను కూడా ఇవ్వండి అన్నది సంఘం మాట. పొగలో పని చేసేవారికి ఏటా ఆరోగ్య పరీక్షలు చేయించాలని కూడా అడుగుతున్నారు. మంటలు ఆర్పే వృత్తి క్యాన్సర్‌కు కారణమవుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2022లో తేల్చింది. పెద్దాయన ఆ విషయం చెప్పినప్పటి నుంచి మా ఆయన యూనిఫాం విడిగా ఉతుకుతున్నాను. ఏటా ఏప్రిల్ 14న, 1944లో బొంబాయి రేవు పేలుడులో చనిపోయిన 66 మంది అగ్నిమాపక సిబ్బందిని తలచుకుని దండలు వేస్తాం. బతికి ఉన్నవారి ఊపిరితిత్తులను కూడా ఆ రోజుతో మొదలయ్యే అగ్నిమాపక వారోత్సవాల్లో ఒకసారి పరీక్షించమని నేనూ అడుగుతున్నాను.

మిగతావారికి కూడా కృతజ్ఞతలు చెప్పాలి. నీళ్లు అయిపోయేసరికి ట్రాక్టర్ ట్యాంకర్లతో పరుగెత్తుకొచ్చిన ఆ ఊరి రైతులకు. తన బ్యారన్ కాలిపోయినా మా ఆయనను చూడడానికి ఆసుపత్రికి వచ్చిన ఆ రైతన్నకు. కట్టు మార్చేటప్పుడు నొప్పి తెలియకుండా ఏదో ఒక కబురు చెబుతూ ఉండే నర్సమ్మలకు. నేను లేనన్నాళ్లు నా సెంటర్ పిల్లలకు కూడా అన్నం వండిపెట్టిన పక్క ఊరి టీచర్‌కు, మా ఆయాకు.

మా ఆయన ఎడమ చెయ్యి తల దాకా లేవదు. ఇప్పుడు వాచ్ రూమ్‌లో ఫోన్లు తీసుకుంటున్నారు. ఎక్కడ, ఏమి కాలుతోంది, లోపల మనుషులున్నారా అని నెమ్మదిగా అడిగి రాసుకుంటారు. బండి బయటికి వెళ్లినప్పుడల్లా తిరిగి వచ్చేదాకా ఆయనకు కూర్చోబుద్ధి కాదట.

ఒక్క విషయం ఇంకా తేలలేదు. ఆ హోంగార్డు కుర్రవాడికి మా ఆయనకు వర్తించిన నిబంధన వర్తించదన్నారు. అతనిది రోజు భత్యం, డ్యూటీకి వస్తేనే డబ్బు. చేతులు కాలి ఇంట్లో ఉన్నన్ని రోజులూ ఏమీ రాలేదు. సంఘం సభ్యులు తలా కొంత వేసుకుని అతని ఇల్లు గడిచేలా చూశారు, అతను తమ సంఘంలో సభ్యుడు కాకపోయినా. కానీ అది చందా, హక్కు కాదని పెద్దాయనే అంటారు. గాయపడిన కాలానికి భత్యం ఇవ్వాలని, అగ్నిమాపక కేంద్రాల్లో పని చేసే హోంగార్డులకు గాలి సిలిండర్ శిక్షణ ఇవ్వాలని వచ్చే సోమవారం ఒంగోలు కలెక్టరేట్‌లో జరిగే అర్జీల కార్యక్రమంలో అర్జీ ఇస్తున్నారు. ఆ అర్జీ మీద మా ఆయన కుడిచేత్తో సంతకం పెట్టారు. నేను, మా సెక్టార్ అంగన్‌వాడీ అక్కచెల్లెళ్లం కొందరం వారి వెంట వెళ్తున్నాం. ఆ రోజు ఆయన లోపలి నుంచి మోసుకొచ్చిన కూలీ కూడా వస్తానన్నాడు.