జైలు నుంచి విడుదలైనవారి బతుకును చదివే పరిశోధకులకు ఫెలోషిప్ ఇవ్వండి

సంపాదకులకు నమస్కారం.

2024 జూలై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత మన కోర్టులకు సమాజ సేవ అనే కొత్త శిక్షను ఇచ్చింది. తొలిసారి దొంగతనంలో పట్టుబడి, సొత్తు విలువ ఐదు వేల లోపు ఉండి, దాన్ని తిరిగి ఇచ్చేసిన మనిషికి ఇక జైలు ఉండదు, సేవ చేస్తే చాలు. చాలా మంచి మార్పు. అయితే విజయవాడలో, గుంటూరులో ఆ సేవ ఎక్కడ చేయించాలి, ఎవరు దగ్గరుండి చూడాలి, చేసినవాడు మళ్లీ అదే బోనెక్కుతున్నాడా? వీటికి జవాబు దొరకాలంటే ఏళ్ల తరబడి ఆ మనుషుల వెంట ఉండి చూడాలి. అలా చూసే పరిశోధకులను ప్రభుత్వమే నెలనెలా డబ్బిచ్చి తయారు చేయాలని నా విన్నపం.

2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, అందులో 4,34,302 మంది ఇంకా నేరం రుజువు కాని విచారణ ఖైదీలు. జాతీయ నేర నమోదు సంస్థ ఏటా ఇలాంటి లెక్కలు ఇస్తుంది. విడుదలప్పుడు ఎందరికి ఆర్థిక సాయం అందిందో కూడా చెబుతుంది. ఆ సాయం అందుకున్నవాడు రెండేళ్ల తర్వాత ఏ పని చేసుకుంటున్నాడో, ఇంట్లోవాళ్లు రానిచ్చారో లేదో అందులో ఉండదు. రౌడీషీటర్లను స్టేషన్‌కు పిలిచి ఇచ్చే కౌన్సెలింగ్ వల్ల మనిషి మారుతున్నాడా, ఉన్న కూలి పని కూడా పోగొట్టుకుంటున్నాడా అన్నది కూడా తేల్చాల్సిందే.

ఉద్యోగం చేసుకుంటూ తీరిక దొరికినప్పుడు చేసే పీహెచ్‌డీకి ఇది లొంగదు. ఒక్కసారి జైలుకు వెళ్లి ప్రశ్నపత్రాలు నింపించుకొస్తే గ్రంథం తయారవుతుందేమో గానీ, మనిషి అర్థం కాడు. జైలు అనుమతి కోసం తిరిగి తిరిగి విసిగిపోయి, చివరికి పరిశోధన అంశాన్నే మార్చుకున్న ఒక న్యాయశాస్త్ర విద్యార్థిని నాకు తెలుసు. చురుకైన పిల్ల. ఆమె వదిలేసిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

నిజానికి ఈ చదువుకు మన ప్రాంతాన్ని మించిన చోటు లేదు. బాపట్ల దగ్గరి స్టువర్టుపురం మొన్నమొన్నటి దాకా గుంటూరు జిల్లాలోదే. పుట్టుకతోనే నేరస్తులని ముద్ర వేసే 1871 నాటి చట్టాన్ని 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకీ విస్తరించాక, ఎరుకల కుటుంబాలను తెచ్చి అక్కడ నిఘా ఉండే సెటిల్‌మెంటులో పెట్టారు. నడిపే బాధ్యత సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థకు అప్పగించారు. 1952లో చట్టం పోయినా ముద్ర పోలేదు. 1970లలో కవి జాషువా గారి కుమార్తె హేమలతా లవణం, ఆమె భర్త లవణం గారు విజయవాడ నాస్తిక కేంద్రం నుంచి వెళ్లి ఆ ఊళ్లో సంస్కరణకు పూనుకున్నారు. అక్కడ మార్పు తెచ్చింది భూమా, చదువా, పోలీసుల పీడ తగ్గడమా, ఇంటింటికీ వెళ్లి కూర్చున్న ఆ మనుషుల ఓపికా? ఆ రోజులు చూసినవాళ్లు ముసలివాళ్లయ్యారు. వాళ్ల మాటలు ఇప్పుడే రాసుకోవాలి. రాసేవాళ్లలో ఆ కుటుంబాల బిడ్డలు ముందుండాలి. ఇన్నాళ్లూ వాళ్ల గురించి బయటివాళ్లే రాశారు. ఫెలోషిప్ లేకపోతే ఇకముందూ అంతే.

ఖర్చు సంగతి చూద్దాం. 2023 జనవరి నుంచి విశ్వవిద్యాలయ నిధుల సంఘం (యూజీసీ) పరిశోధకులకిచ్చే జూనియర్ ఫెలోషిప్ నెలకు 37,000, సీనియర్‌ది 42,000 రూపాయలు. మొదటి రెండేళ్లు ఒకటి, తర్వాతి మూడేళ్లు రెండోది లెక్కేస్తే ఒక్కొక్కరికి 24 లక్షలు. అయిదుగురికి కోటీ ఇరవై లక్షలు, అదీ అయిదేళ్లలో. ఈ ఫెలోషిప్‌లకు ఎంపిక చేసే నెట్ పరీక్షలో నేర శాస్త్రం ఉంది కానీ, దేశమంతా పోటీపడే ఆ కొద్ది ఫెలోషిప్‌ల మీదే మన పిల్లలను వదిలేయకూడదు. మద్రాసు, తిరునల్వేలి విశ్వవిద్యాలయాల్లో ఈ శాస్త్రానికి ప్రత్యేక విభాగాలే ఉన్నాయి. విజయవాడ, గుంటూరుల మధ్యనున్న నాగార్జున విశ్వవిద్యాలయం కనీసం అయిదు సీట్లతో మొదలుపెట్టవచ్చు.

సీటుతో పాటే జైళ్ల శాఖ అనుమతీ చేతికి రావాలి. ఖైదీ పరిశోధకుడికి చెప్పిన మాట పోలీస్ స్టేషన్‌కు చేరదని రాతపూర్వక హామీ ఉండాలి, అది లేకుంటే ఎవరూ నోరు విప్పరు. ఉన్నత విద్యామండలి, జైళ్ల శాఖ కూర్చుని మాట్లాడుకుని, పీహెచ్‌డీ ప్రవేశ పరీక్ష ఆర్‌సెట్‌కు వచ్చే నోటిఫికేషన్‌లోనే ఈ సీట్లను చేర్చాలని కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత న్యాయవాది,
బ్రాడీపేట, గుంటూరు