మంచుకొండల మీద మూడవ హెచ్చరిక

సంపాదక మహాశయులకు,

ధవళేశ్వరం వద్ద నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది ఇస్తారని మా లంక గ్రామాలలో బడిపిల్లలకు కూడా తెలుసు. అలాగే, కొండవాలు నుంచి ఒక్కసారిగా విరిగి జారిపడే మంచు చరియల ప్రమాదాన్ని తెలిపే అంతర్జాతీయ కొలమానానికి ఐదు అంచెలున్నాయి. ఐదింటిలో మూడు కనుక మధ్యరకమేనని హిమాలయాలకు వెళ్లే మన పిల్లలు సరిపెట్టుకుంటున్నారు. నిజానికి, నిటారు వాలు మీద ఒక్క మనిషి బరువుకే చరియ విరిగిపడవచ్చునని ఆ మూడవ అంచెకు అర్థం. ఐరోపాలో మంచు చరియల మరణాలలో పెద్ద వాటా మూడవ అంచె హెచ్చరిక ఉన్న రోజులదే.

మొన్న డిసెంబరులో మా అన్నగారి అబ్బాయి స్నేహితులతో కలిసి అమలాపురం నుంచి ఉత్తరాఖండ్‌లోని కేదార్‌కంఠ ట్రెక్కింగ్‌కు వెళ్లి వచ్చాడు. తీసుకువెళ్లినవారు అద్దె బూట్లకు సైతం రసీదు ఇచ్చారు గానీ, ముందురోజు మంచు ఎంత కురిసిందో, గాలి ఎటునుంచి వీచిందో ఒక్కమాటైనా చెప్పలేదట. అసలు తెలియవలసినవి ఆ రెండే. గాలి ఒకవైపు మంచును ఎత్తి శిఖరానికి అవతలి పక్కన పోస్తుంది. అడుగున పంచదార పలుకుల వలె ఒకదానికొకటి అంటుకోని రేణువుల పొర ఉంటే, పైన గట్టిపడిన మంచు పలక మొత్తంగా జారిపోతుంది. ఇది ఎక్కువగా 30 నుంచి 45 డిగ్రీల వాలులో జరుగుతుంది. ఏటిగట్టును మించిన ఎత్తు ఎరుగని మనకు ఆ వాలు కంటికి అందదు కనుక ఫోనులోని కొలత సాధనాన్నైనా వాడుకోవాలి. కాలి కింద మంచు ధబ్బున కుంగిన చప్పుడు వినిపిస్తే మరొక ఆలోచన లేకుండా వెనుదిరగాలి. వరద మన కళ్లెదుటే పెరుగుతుంది, పైగా దానిని మనం రప్పించలేదు. మంచుకొండల మీద ప్రాణాలు తీసే చరియను చాలాసార్లు కదిలించేది బాధితుడో, వెంట ఉన్నవారో.

కూరుకుపోయినవారిని పావుగంటలోపు వెలికితీయకపోతే బ్రతికే అవకాశం వేగంగా పడిపోతుంది. బయటినుంచి సహాయం అంత త్వరగా రాదు కనుక కూరుకుపోయినవారి జాడ తెలిసేలా సంకేతాలు పంపే, అందుకునే ట్రాన్స్‌సీవరు, గుచ్చి వెతికే పొడవాటి ప్రోబ్ కడ్డీ, పార ప్రతివారి వద్దా ఉండాలి. 2022 అక్టోబరు 4న ఉత్తరకాశీ జిల్లాలోని ద్రౌపదీ కా దండా శిఖరం వద్ద చరియకు చిక్కి పాతికమందికి పైగా మరణించారు; వారిలో ఎక్కువమంది పర్వతారోహణలో శిక్షణ పొందుతున్నవారు.

మీకు రెండు విన్నపాలు. డీఆర్‌డీవోకు చెందిన చండీగఢ్‌లోని డీజీఆర్‌ఈ సంస్థ మంచు చరియలపై వెలువరించే హెచ్చరికలను, గోదావరి నీటిమట్టాన్ని ప్రచురించినట్లే, డిసెంబరు నుంచి మార్చి వరకు జిల్లా పేజీలో ప్రచురించండి. అలాగే మంచు కురవడాన్నీ, చరియ విరిగిపడడాన్నీ మన పత్రికలు 'హిమపాతం' అనే రాస్తున్నాయి. రెండవదానికి 'మంచు చరియలు' అన్న మాట ఉండనే ఉంది. దానినే వాడితే 'హిమపాతం' అన్న వార్త చూసి మంచు ఆటలకు పెట్టె సర్దుకునేవారు ఒక్క క్షణం ఆగి చదువుతారు.

ఇట్లు,
విశ్రాంత భూగోళశాస్త్ర ఉపాధ్యాయుడు,
రాజోలు, కోనసీమ జిల్లా